షుల్ట్సె అంటే బడిపంతులు కాదు: ఒక జర్మన్ ఇంటిపేరు పుట్టుక

1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జ్ (జర్మన్ ఉచ్చారణలో షుల్ట్సె) ఇంటిపేరుకు అర్థమేమిటని మొన్న మన బృందంలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన సమాధానాలు అన్నీ చదివాను. జర్మన్‌లో 'షూలె' అంటే బడి కనుక ఆ ఇంటిపేరుకు బడిపంతులని అర్థమని ఒకరు చెప్పగా, పలువురు ఔనన్నారు. వ్యాకరణం రాసినవాడికి పంతులన్న పేరు అతికినట్లే ఉంటుంది కాబట్టి ఆ మాట ఎవరికైనా నచ్చుతుంది. అయితే ఆ పేరుకు బడితోను చదువుతోను ఏ సంబంధమూ లేదు. 'షూలె' లాటిన్ నుంచి వచ్చిన మాట, దానిలోని ఉకారం దీర్ఘం. 'షుల్ట్సె' అచ్చమైన జర్మన్ మాట, దానిలోని ఉకారం హ్రస్వం. అది ఊరిలో ఎవరెవరు ఏమేమి చెల్లించాలో చెప్పి రాబట్టే అధికారి పేరు. మన పాత వ్యవస్థలో దానికి దగ్గరి మాట వెతకాలంటే పంతుళ్ల వైపు కాక మునసబు వైపు చూడాలి.

ఇప్పటి పొట్టి రూపాన్ని చూసి దాని మూలాన్ని ఊహించడం కష్టం. ప్రాచీన జర్మన్‌లో ఇది 'స్కుల్ద్‌హైస్సొ' అనే సమాసం. మొదటి భాగం 'స్కుల్ద్' అంటే చెల్లించవలసినది, బాకీ. రెండవ భాగం 'హైస్సన్' అనే క్రియ నుంచి వచ్చింది, అంటే ఆజ్ఞాపించడం. "నువ్వు ఇవ్వవలసినది ఇచ్చుకో" అని ఆజ్ఞాపించేవాడు స్కుల్ద్‌హైస్సొ. నిఘంటువులు ఈ పదానికి సాధారణంగా 'గ్రామపెద్ద' అని అర్థం రాసి వదిలేస్తాయి. అది తప్పు కాదు గాని, పేరులోని పదును అందులో పోతుంది. పెద్దరికం వల్ల వచ్చిన పేరు కాదిది, వసూలు వల్ల వచ్చిన పేరు.

ఆ 'స్కుల్ద్' ఇప్పటికీ జర్మన్‌లో 'షుల్ట్' అన్న ఉచ్చారణతో సజీవంగా ఉంది. దానికి అప్పు అన్న అర్థమూ ఉంది, నేరం అన్న అర్థమూ ఉంది. రెండింటికీ మూలమైన ధాతువుకు 'బాకీపడి ఉండు' అని అర్థం. ఇంగ్లీషులోని 'షల్', 'షుడ్' అనే సహాయక్రియలు కూడా ఆ ధాతువు పిల్లలే. అప్పుపడి ఉండడం కాలక్రమంలో 'చేయవలసి ఉండడం'గా మారింది. తెలుగువాళ్లకు ఈ మార్పు వింతగా తోచనక్కరలేదు. "నాకు రావలసినది రాలేదు" అన్నప్పుడు మనం డబ్బు గురించే మాట్లాడుతున్నాం, "నేను వెళ్లవలసి ఉంది" అన్నప్పుడు అదే 'వలయు' బాధ్యతను చెబుతుంది.

ఇక 'హైస్సన్' నేటి జర్మన్‌లో 'హైసెన్' అయింది. ఆజ్ఞాపించడం అన్న అర్థం దాదాపు పాతబడి, 'పేరు కలిగి ఉండు' అన్న అర్థం ముందుకు వచ్చింది. జర్మన్ నేర్చుకునేవారు మొదటి రోజు మొదటి వాక్యంగా పలికే "ఇహ్ హైసె" (నా పేరు ఫలానా) అన్నదానిలో ఉన్నది ఈ క్రియే. కాబట్టి ఒక షుల్ట్‌హైస్ తనను పరిచయం చేసుకుంటూ "ఇహ్ హైసె షుల్ట్‌హైస్" అన్నప్పుడు, ఒకే క్రియ ఆ వాక్యంలో రెండుసార్లు వస్తోందని, మొదటిసారి పేరు చెబుతూ రెండవసారి ఆజ్ఞ ఇస్తోందని ఆయనకు కూడా స్ఫురించదు.

అంత పొడుగు సమాసం 'షుల్ట్స్' అన్న ఒక్క అక్షరానికి ఎలా కుదించుకుపోయింది? జర్మన్‌లో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది, తరువాతి అక్షరాలు నలిగిపోతాయి. ముందుగా 'స్క' కాస్తా 'ష' అయింది. ఆ తరువాత 'షుల్ట్‌హైసె' లోని హకారం రాలిపోయి 'షుల్టెసె' అయింది, పిమ్మట నడిమి ఎకారం కూడా పోయి 'షుల్ట్సె' మిగిలింది, చాలా చోట్ల చివరి ఎకారం కూడా జారిపోయి 'షుల్ట్స్' అయింది. ఈ పేరు చివర వినబడే 'ట్స్' నిజానికి ఒక్క ధ్వనిగా పుట్టినది కాదు. బాకీలోని టకారం, ఆజ్ఞలోని సకారం మధ్యనున్న అచ్చులు పోయి ఒకదానినొకటి తగులుకున్నాయి. ఆజ్ఞాపించడం అనే క్రియ మొత్తం అరిగి అరిగి ఒక్క సకారమైంది. శాసనాలలోని రట్టగుడి, రట్టడి అన్న ఊరి అధికారుల పేర్ల నుంచి రెడ్డి అన్న మాట వచ్చిందని చెప్పే పండితుల వాదం ఎరిగినవారికి, ఒక పదవి పేరు ఇలా నలిగి ఇంటిపేరులో నిలవడం కొత్త సంగతి కాదు.

ఈ పదవి ఎంత పాతదో చెప్పడానికి జర్మనీ దాటి ఇటలీకి వెళ్లాలి. ఉత్తర ఇటలీని ఏలిన లాంగోబార్డులు జర్మానిక్ జాతివారు. వారి రాజు రోథారి 643లో రాయించిన ధర్మశాస్త్రంలో ఈ అధికారి 'స్కుల్ద్‌హైస్' అన్న పేరుతో కనిపిస్తాడు. 8వ శతాబ్దం చివర లాంగోబార్డుల చరిత్ర రాసిన పౌలుస్ డియాకొనుస్ ఇటువంటి అధికారి ఒకని కథ చెప్పాడు. పేర్ల మీద ఆసక్తి ఉన్న మన బృందం దీనిని తప్పక వినాలి. ఫ్రియూలి ప్రాంతంలో స్లావులు కొందరు గొర్రెలను తోలుకుపోయారు. అక్కడి స్కుల్దాహిస్ అయిన అర్గైత్ వారిని వెంబడించాడు గాని పట్టుకోలేకపోయాడు. ఆ సంగతి విన్న ప్రభువు ఫెర్దుల్ఫ్ మండిపడి, నీ పేరు అర్గైతే కదా, 'అర్గ' నుంచి వచ్చిన పేరువాడివి, నీ చేత ఏ మగతనపు పని అవుతుందని ఎత్తిపొడిచాడు. లాంగోబార్డుల భాషలో 'అర్గ' అంటే పిరికిపంద, వారి చట్టం ప్రకారం అంతకంటె ఘోరమైన తిట్టు అరుదు. కొంతకాలానికి స్లావులు పెద్ద సేనతో వచ్చి ఒక నిటారు కొండ మీద విడిది చేశారు. ఫెర్దుల్ఫ్ దారి వెతుకుతూ ఉండగా అర్గైత్ గుర్రం మీద ముందుకు వచ్చి, నన్ను అర్గ అన్నావు గదా, మన ఇద్దరిలో ఆ స్లావులను ఆలస్యంగా చేరేవాడిపై దేవుని ఆగ్రహం పడుగాక అని, ఎక్కరాని ఆ చరియ మీదికే గుర్రాన్ని తోలాడు. ప్రభువు సిగ్గుపడి వెంట వెళ్లాడు, సేనంతా ప్రభువు వెంట వెళ్లింది. పైనుంచి దొర్లిన రాళ్లకు ఇద్దరూ పోయారు, ఫ్రియూలి ప్రముఖులంతా వారితోపాటే పోయారు. ఒక పేరుకు చెప్పిన వ్యుత్పత్తి ఇంత నష్టం తెచ్చిన సందర్భం మరొకటి నాకు తెలియదు. వ్యుత్పత్తుల గురించి మనం ఇక్కడ చేసే వాదాలు ఎంతో మేలు.

జర్మనీలో ఈ పదవి విస్తరించినది ముఖ్యంగా 12, 13, 14 శతాబ్దాలలో, జర్మన్ రైతులు ఎల్బె నది దాటి తూర్పు వైపు వలసవెళ్లిన కాలంలో. ప్రభువు ఒక మనిషిని పిలిచి అడవో బీడో చూపించి, రైతులను తెచ్చి ఊరు కట్టించమనేవాడు. లొకాటర్ అని పిలిచే ఆ మనిషి ఊరు నిలబెట్టిన తరువాత సాధారణంగా ఆ ఊరికి వంశపారంపర్య షుల్ట్సె అయ్యేవాడు. అతనికి శిస్తు లేని మాన్యం దక్కేది, ఊరి న్యాయసభలో పడిన జరిమానాల్లో చాలా చోట్ల మూడో వంతు దక్కేది, కొన్ని ఊళ్లలో తిరగలి మిల్లు మీద, సారాయి అంగడి మీద హక్కు కూడా ఉండేది. బదులుగా ప్రభువుకు రావలసిన శిస్తు వసూలుచేసి అందించాలి, కొన్ని ప్రాంతాలలో యుద్ధానికి గుర్రాన్ని కూడా పంపాలి. మాన్యం, మిరాసి, వసూలు, వాటా: ఈ నాలుగు మాటలు తెలిసిన తెలుగువాడికి ఆ వ్యవస్థను వేరే వివరించనక్కరలేదు. ఊరివారికి కబురు పంపే పద్ధతి ఒకటి మాత్రం మనకు లేనిది. తూర్పు ప్రాంతపు గ్రామాలలో షుల్ట్సె తన ఆజ్ఞను ఒక వంకర కర్రకు కట్టి పక్కింటికి ఇచ్చేవాడు. వారు చూసుకుని ఆ పక్కింటికి అందించాలి, అలా కర్ర ఊరంతా తిరిగి మళ్లీ అతని గుమ్మానికి చేరాలి. మన ఊళ్లలో దండోరా వేసేవాడు తిరిగితే అక్కడ కర్ర తిరిగేది.

ఊరికి ఒక్కడే షుల్ట్సె ఉంటే ఆ ఇంటిపేరు జర్మనీలో మొదటి పది పేర్లలోకి ఎలా ఎక్కిందని ఎవరైనా అడగవచ్చు. ఊరికి ఒక్కడే ఉండడమే దానికి కారణమని నా అభిప్రాయం. ఊరంతా రైతులైన చోట రైతు అన్న పేరు ఎవరినీ గుర్తుపట్టడానికి పనికిరాదు. ఒక్క కమ్మరి, ఒక్క మిల్లరి, ఒక్క షుల్ట్సె ఉన్న చోట ఆ పేరు చెప్పగానే ఏ హాన్స్ గురించి మాట్లాడుతున్నామో తెలిసిపోతుంది. ఇటువంటి ఊళ్లు వేలకు వేలు. ముల్లర్ (మిల్లు నడిపేవాడు), ష్మిట్ (కమ్మరి) జర్మనీలో మొదటి రెండు స్థానాలలో ఉండడానికీ ఇదే కారణం. అయితే ఈ పేరున్న ప్రతివాడి పూర్వీకుడూ అధికారం చేశాడనుకోకూడదు. షుల్ట్సె పొలాన్ని కౌలుకు చేసినవాడు, ఆ ఇంట పనికి కుదిరినవాడు, ఆ ఇంటి అల్లుడు కూడా ఆ పేరుతో పిలవబడి, ఆ పేరే వారి పిల్లలకు నిలిచిపోయి ఉండవచ్చు.

ఈ ఇంటిపేరు రూపాలను బట్టి ప్రాంతాన్ని కొంతవరకు చెప్పవచ్చు. షుల్ట్స్, షుల్ట్సె అన్నవి తూర్పున, అంటే బ్రాండెన్‌బుర్గ్, సాక్సనీ, పొమెరానియా వైపు దట్టంగా ఉంటాయి. సైలీషియాలో ఉకారం ఒకారమై షోల్ట్స్ అయింది. 2021 నుంచి 2025 వరకు జర్మనీ ఛాన్సలర్‌గా ఉన్న ఓలాఫ్ షోల్ట్స్ ఇంటిపేరు ఆ రూపమే, మన పత్రికలు ఆయనను షోల్జ్ అని రాశాయి. వెస్ట్‌ఫాలియాలో అది షుల్టె, రైన్, మోజెల్ నదుల వైపు షోల్టెస్, షుల్టెస్. హెస్సెలోను ఫ్రాంకోనియాలోను వ్యుర్టెంబెర్గ్‌లోను పూర్తిరూపం షుల్ట్‌హైస్ అలాగే మిగిలింది. బెర్లిన్‌లో షుల్ట్‌హైస్ పేరుతో అమ్మే బీరు కూడా పదవి పేరు మీద పెట్టినది కాదు. 1853లో ఆ బీరు బట్టీని కొన్న యోబ్స్ట్ షుల్ట్‌హైస్ తన ఇంటిపేరే దానికి పెట్టాడు.

జర్మన్ వర్ణక్రమంలో టకారం రాసిన షుల్ట్సెకు, టకారం రాయని షుల్ట్సెకు అర్థంలో తేడా ఏమీ లేదు. ఉచ్చారణ రెండింటికీ ఒకటే. జర్మనీ మొత్తానికి పౌర నమోదు 1876 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు పేరును చర్చి పుస్తకంలో పాదిరి తనకు తోచిన వర్ణక్రమంలో రాసుకునేవాడు, అన్నకు ఒకలా తమ్ముడికి ఒకలా రాసిన సందర్భాలు కూడా ఉంటాయి. నమోదు కార్యాలయం ఆ రోజు ఏ రూపంలో ఎక్కించుకుందో అది గడ్డకట్టిపోయింది. నేను లైప్‌ట్సిగ్‌లో అద్దెకున్న భవనం గుమ్మం దగ్గర గంట మీటల పక్కన పేర్ల పలక ఒకటి ఉండేది. అందులో రెండవ అంతస్తులో ఒక షుల్ట్స్, నాలుగవ అంతస్తులో ఒక షుల్ట్సె, మా పక్కింట ఒక షోల్ట్స్ ఉండేవారు. పక్కింటి పెద్దావిడ ఫోనులో ఎవరికి పేరు చెప్పినా వెంటనే "ఒకారంతో, టకారం లేకుండా" అని చేర్చేది. వేయి ఏళ్ల కింద వసూలుకు వచ్చిన అధికారి ఒకడే, ఇప్పుడు అతని వారసులకు వచ్చే పార్సిళ్లు మాత్రం ఒకరివి ఒకరికి చేరుతూ ఉండేవి.

16వ శతాబ్దంలో చదువుకున్న జర్మన్లకు తమ పేర్లను లాటిన్ చేసుకునే మోజు పట్టింది. కొందరు షుల్ట్‌హైస్‌లు దానికి లాటిన్ తోక తగిలించి స్కుల్టేటుస్ అయ్యారు. గ్యోర్లిట్స్ నగరానికి చెందిన ఖగోళజ్ఞుడు బార్తొలొమేయుస్ స్కుల్టేటుస్ ఆ కోవలోనివాడు. ఆయన ఆ నగరానికి మేయరుగా కూడా పనిచేశాడు, పేరూ పదవీ ఇలా కలిసిరావడం అరుదు. మరికొందరు తోకతో సరిపెట్టుకోక పేరును అనువదించి, రోమన్ న్యాయాధికారి పేరు మీద ప్రైటోరియుస్ అన్నారు. 1571లో పుట్టిన సంగీతకర్త మిఖాయెల్ ప్రైటోరియుస్ కుటుంబం అసలు ఇంటిపేరు షుల్ట్‌హైస్ రూపాలలో ఒకటి. పొరుగు భాషలు ఈ మాటను మరింత సొంతం చేసుకున్నాయి. పోలిష్‌లో అది 'సోవ్‌టిస్', స్లొవాక్‌లో 'షోల్టేస్', హంగేరియన్‌లో 'షోల్టేస్' ఇంటిపేరు. డచ్చి వారి 'స్హౌట్' కూడా ఇదే మాట, వారి నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదాను నేటికీ 'రాత్రి స్హౌట్' అనే అర్థం వచ్చేట్లు పిలుస్తారు.

పదవి పోయి పేరు మిగలడం ఈ కథలో అందరికీ తెలిసిన భాగమే కనుక క్లుప్తంగా చెబుతాను. బెర్న్ నగర రాజ్యానికి అధిపతి షుల్ట్‌హైస్, 1798లో ఫ్రెంచి సేనలు వచ్చేదాకా ఆ పదవి నిరాటంకంగా సాగింది. వ్యుర్టెంబెర్గ్ గ్రామాలలో 1930 వరకు ఊరి పెద్దను అధికారికంగా షుల్ట్‌హైస్ అనేవారు, ఆ తరువాత అక్కడా బ్యుర్గర్‌మైస్టర్ అన్న మాట వచ్చింది. జర్మనీలో పదవిగా అంతరించిన ఆ మాట ఇవాళ పోలండ్‌లో మాత్రం బతికే ఉంది, అక్కడి గ్రామాలవారు నేటికీ సోవ్‌టిస్‌ను ఎన్నుకుంటారు. మన దగ్గర కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి, కరణం అన్న ఇంటిపేరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈ పేరు మోసినవారిలో నాకు ప్రత్యేకంగా కనిపించేవారు ఇద్దరు. మొదటివాడు హెర్మన్ షుల్ట్సె, 1808లో డేలిచ్ అనే ఊరిలో పుట్టాడు. 1848లో ప్రష్యా జాతీయసభకు ఎన్నికైనప్పుడు అక్కడ మరికొందరు షుల్ట్సెలు ఉండడంతో తన ఊరి పేరు చివర తగిలించుకుని షుల్ట్సె-డేలిచ్ అయ్యాడు. ఇంటిపేరు ఎంత సాధారణమైతే మనిషిని గుర్తుపట్టడానికి అంత పనికిరాకుండా పోతుందో చూడండి, చివరికి మన తెలుగువాళ్లలాగే ఊరి పేరును ఆశ్రయించవలసి వచ్చింది. 1850లో ఆయన చేతిపనివారి కోసం పరస్పర ఋణసంఘాన్ని స్థాపించాడు. వడ్డీవ్యాపారుల కాళ్లు పట్టుకోకుండా సభ్యులే తమలో తాము పొదుపుచేసి తమకు తామే అప్పు ఇచ్చుకునే పద్ధతి అది. మద్రాసు ప్రభుత్వం పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ యూరప్ వెళ్లి పరిశీలించిన నమూనాలలో గ్రామీణ ఋణసంఘాల రైఫైజన్ పద్ధతితో పాటు ఇది కూడా ఉంది. ఆయన నివేదిక 1895, 1897 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వచ్చింది, 1904లో భారతదేశంలో సహకార ఋణసంఘాల చట్టం వచ్చింది. సహకార శాఖలో పరీక్షలు రాసినవారికి 'షుల్జ్ డెలిట్జ్' అన్న మాట పట్టణ బ్యాంకుల పాఠంలో తగిలే ఉంటుంది. 'బాకీ కట్టమని ఆజ్ఞాపించేవాడు' అన్న ఇంటిపేరు గలవాడు అప్పులవాళ్ల బాధ తీర్చే మార్గం వెతికాడు.

రెండవవాడు మన బెంజమిన్ షుల్ట్సె. ఆయన 1689లో ఓడర్ నదికి తూర్పున జోనెన్‌బుర్గ్‌లో పుట్టాడు, ఆ ఊరు నేడు పోలండ్‌లో స్వోన్స్క్ అన్న పేరుతో ఉంది. లొకాటర్లు ఊళ్లు కట్టించిన తూర్పు నేల అదే కనుక, ఆ ఇంటిపేరు ఆ చోట పుట్టి పెరగడం సహజమే. 1719లో క్రైస్తవ మతప్రచారకుడిగా తమిళ తీరంలోని తరంగంబాడి చేరి, 1726లో మద్రాసు వచ్చి, అక్కడ తెలుగు నేర్చి, వ్యాకరణం రాసి, బైబిలును అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకాలేదు గాని, జర్మనీకి తిరిగివెళ్లాక 1746 ప్రాంతంలో హాలె నగరంలో తెలుగు అక్షరాలు పోతపోయించి ఆయన అచ్చువేయించిన చిన్న క్రైస్తవ పుస్తకాలనే తెలుగులో తొలి అచ్చుపుస్తకాలుగా లెక్కిస్తారు. వ్యాకరణం మాత్రం 1984 దాకా రాతప్రతిగానే ఉండి, ఆ ఏట హాలెలోనే వెలువడింది.

బైబిలు అనువాదకుడిగా ఆయన తన ఇంటిపేరును రోజూ పలికే ఉంటాడు. పరలోక ప్రార్థనలో "మా ఋణములు క్షమించుము" అని తెలుగు క్రైస్తవులు చెప్పే చోట, మార్టిన్ లూథర్ అనువదించిన జర్మన్ బైబిలులో ఉన్న మాట 'షుల్ట్'. పాపానికీ అప్పుకూ ఒకే మాట వాడే ఆ పలుకుబడి గ్రీకు మూలంలోనే ఉంది. జర్మన్‌లో దానిని చెప్పడానికి 'షుల్ట్' సిద్ధంగా దొరికింది, తెలుగులో 'ఋణం' దొరికింది. ఇంటిపేరులో బాకీ కట్టమన్న ఆజ్ఞ మోస్తున్నవాడు, బాకీ క్షమించమన్న ప్రార్థనకు తెలుగు మాట వెతుకుతూ మద్రాసులో కూర్చున్నాడని తలచుకుంటే నాకు ఆ దృశ్యం మీద మమకారం కలుగుతుంది.

చివరిగా, ఈ పేరును తెలుగులో ఎలా రాయాలని ఒక సభ్యురాలు అడిగారు. మన పుస్తకాలలో రూఢమైన రూపం షుల్జ్. అది జర్మన్‌లోని చివరి అక్షరాన్ని ఇంగ్లీషువారిలాగ జకారంగా చదవడం వల్ల వచ్చింది. జర్మన్‌లో ఆ అక్షరం విలువ 'ట్స్', ఆ ధ్వని మనకు కొత్తది కాదు. 'చలి', 'చాప', 'చుక్క' అన్నప్పుడు మనం పలికే దంత్య చకారం దాదాపు అదే. పాత పుస్తకాలు చకారం మీద రెండంకె వేసి చూపే ఆ ౘకారాన్నే ఇక్కడ వాడి 'షుల్ౘ' అని రాస్తే ఉచ్చారణకు అతి దగ్గరగా ఉంటుంది, అయితే ఆ గుర్తు నేటి పాఠకులలో చాలామందికి తెలియదు. వ్యాసంలో రాసేటప్పుడు 'షుల్ట్సె' అని రాసి, మొదటిసారి మాత్రం 'షుల్జ్' అని కూడా పక్కన చెప్పడం మేలని నా సలహా. విలుకాడు అన్న అర్థం గల 'ష్యుట్స్' అనే వేరే జర్మన్ ఇంటిపేరు కూడా తెలుగులో 'షుట్జ్' అయి దీనితో కలగాపులగం అవుతుంది కనుక, లకారం ఉందో లేదో ముందు చూసుకోండి. గ్రంథాలయాల జాబితాల్లో వెతికేవారు షుల్జ్, షుల్ట్జ్, షుల్జే అన్న మూడు రూపాలనూ ప్రయత్నించాలి, ఒకే మనిషి పుస్తకాలు మూడు చోట్ల పడి ఉండడం నేను చూశాను.